మౌనంగా ఉన్నవాడల్లా దోషి కాడు

డేటాబేసు మరమ్మతుల వేళ ముందుగా వేటు పడేది ఎవరి మీద? పని చేస్తున్నవాడి మీద కాదు. పని చేయకుండా ఊరకే కనెక్టయి కూర్చున్నవాడి మీద. "అరగంటగా ఉలుకూ పలుకూ లేదు, తెంచి పారెయ్యండి" అనడం మా వృత్తిలో ఒక ఆచారంగా స్థిరపడిపోయింది. ఆ ఆచారాన్ని నేనూ చాలా ఏళ్ళు నిష్ఠగా పాటించాను. అది తప్పని ఇప్పుడంటున్నాను. తెంచడమే తప్పని నా వాదం కాదు. ఎవరిని తెంచుతున్నామో చూడకుండా, వారికో మాట చెప్పకుండా తెంచేసి, ఆ తరవాత నెపం కూడా వారి మీదనే మోపడం తప్పు.

ఈ రంగంతో పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. బ్యాంకు, ఆసుపత్రి, రైలు టిక్కెట్టు, సరుకుల గిడ్డంగి... వీటన్నిటి లెక్కలూ ఏదో ఒక డేటాబేసులో ఉంటాయి. ఆ లెక్కలు చూడడానికో రాయడానికో ఒక మనిషి గానీ, ఒక ప్రోగ్రాము గానీ సర్వరుతో ఏర్పరచుకునే లంకెను కనెక్షను అంటాం. డేటాబేసు కూడా ఇల్లు వంటిదే. అప్పుడప్పుడూ బూజు దులపాలి. అవసరాన్ని బట్టి గది గోడ మార్చాలి. కొన్నిసార్లు అందరినీ బయటికి పంపి పైకప్పే కొత్తగా వేయించాలి. అందుకోసం ముందుగా నిర్ణయించుకున్న సమయాన్ని మెయింటెనెన్స్ విండో అంటారు. వేసవిలో అమెరికా తూర్పుతీరాన ఆదివారం తెల్లవారుజాము 2 గంటలైతే హైదరాబాదులో అదే ఆదివారం పగలు 11.30. అక్కడివారు నిద్రపోయే వేళకు ఇక్కడివారు ఆదివారపు భోజనం వాయిదా వేసుకుని ఆ ఇల్లు బాగుచేస్తారు. నేను చేసినదీ ఆ ఉద్యోగమే.

ఇప్పుడు అసలు విషయం. పనిలేకుండా కూర్చున్న కనెక్షన్లన్నీ ఒక్కటే అనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది.

పెళ్ళివారింట బంతి భోజనాలు చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. మొదటి బంతి ముగింపుకొచ్చింది. రెండో బంతివారు ఆకలితో నిలబడి ఉన్నారు. వీధి అరుగు మీద ఒక పెద్దమనిషి తాంబూలం నములుతూ కూర్చున్నాడు. ఆయన తినడం లేదు. బంతిలో మరొక పెద్దమనిషి పెరుగన్నం సగంలో ఆపి, ఎంగిలి చెయ్యి విస్తట్లోనే ఉంచి, పక్కవారితో లోకాభిరామాయణం మొదలుపెట్టాడు. ఆయనా తినడం లేదు. దూరం నుంచి చూసేవాడికి ఇద్దరూ ఖాళీగా ఉన్నవారే. కానీ అరుగు మీది పెద్దమనిషి వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. విస్తరి ముందున్న పెద్దమనిషి లేచేదాకా బంతి లేవదు, విస్తళ్ళు ఎత్తరు, రెండో బంతికి వడ్డన ఉండదు.

డేటాబేసులో విస్తరి అంటే లావాదేవీ, మా భాషలో ట్రాన్సాక్షను. లావాదేవీ మొదలుపెట్టి, దాన్ని ఖాయం చేయకుండా, రద్దూ చేయకుండా మౌనంగా ఉండిపోయిన కనెక్షను విస్తరి ముందున్నవాడు. లావాదేవీయే లేకుండా మౌనంగా ఉన్నది అరుగు మీదివాడు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఈ తేడాను పేరు పెట్టి చెబుతుంది. మొదటివాడిని "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అనీ, రెండోవాడిని ఉత్త "ఐడిల్" అనీ వేర్వేరుగా చూపిస్తుంది. మైఎస్‌క్యూఎల్ జాబితాలో ఇద్దరికీ "స్లీప్" అన్న ఒక్కటే పేరు. ఎవడి ముందు విస్తరి ఉన్నదో తెలియాలంటే ఇన్నోడీబీ లావాదేవీల పట్టికను విడిగా చూసుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వరు కూడా ఇద్దరినీ "స్లీపింగ్" అనే అంటుంది. తెరిచి ఉన్న లావాదేవీల సంఖ్యను చెప్పే గడి వేరే ఉంది. చూసేవాడికి చూపించే ఏర్పాటు అన్నిటిలోనూ ఉన్నది. చూడకపోవడం మన బద్ధకం.

ఈ ఇద్దరూ కాక మూడోవాడు కూడా ఉన్నాడు. విస్తరి ఉంటుంది, మనిషే ఉండడు. ల్యాప్‌టాప్ మూసి వెళ్ళిపోయాడు, లేదా నెట్‌వర్కు తెగిపోయింది. ఆ సంగతి సర్వరుకు ఇంకా తెలియదు. లినక్సులో మామూలుగా ఉండే అమరిక ప్రకారం, అవతలివాడు ఉన్నాడా లేడా అని మొదటి పలకరింపు వెళ్ళడానికే 7,200 సెకన్లు, అంటే 2 గంటలు పడుతుంది. ఈ గడువును తగ్గించుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌లోనూ ఒరాకిల్‌లోనూ అమరికలున్నాయి. ఇతడిని తొలగించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కానీ ఇతడి పేరు చెప్పి మిగతా ఇద్దరినీ నరకడం న్యాయం కాదు.

విస్తరి ముందున్నవాడి వల్ల జరిగే కీడు చిన్నది కాదని నేనూ ఒప్పుకుంటాను. పోస్ట్‌గ్రెస్‌లో ఒక టేబులును ఊరకే చదివి, లావాదేవీ ముగించకుండా వదిలేసిన కనెక్షను ఒకటుందనుకోండి. ఆ టేబులు మీద అతి బలహీనమైన తాళం ఒకటి దాని చేతిలో ఉండిపోతుంది. మామూలు రోజుల్లో ఆ తాళం ఎవరికీ అడ్డు కాదు. మరమ్మతు వేళ ఆ టేబులు నిర్మాణం మార్చబోతే, మార్పుకు సంపూర్ణమైన తాళం కావాలి కాబట్టి అది ఆగి నిలబడుతుంది. అసలు చిక్కు అక్కడే. ఆ తరవాత ఆ టేబులును చదవడానికి వచ్చిన ప్రతివాడూ ఈ ఆగినవాడి వెనకాల వరుసలో నిలబడతాడు. ఒక్కడు చెయ్యి కడుక్కోనందుకు ఊరంతా ఆకలితో నిలబడుతుంది. లావాదేవీలో ఏ కొంచెం రాసి వదిలేసినా బూజు దులిపే పని, అంటే వ్యాక్యూమ్, అతడి లావాదేవీ తరవాత చచ్చిపోయిన వరుసలను తొలగించలేదు. గంటలు గడిచేకొద్దీ చెత్త పేరుకుంటుంది.

కనుక పోరాడవలసింది తెరిచి వదిలేసిన లావాదేవీతో. మనం పోరాడుతున్నది మౌనంతో. తేడా ఎంతటిదో అనుభవం మీద గాని నాకు తెలిసిరాలేదు.

2012 జూన్‌లో ఒక ఆదివారం. అమెరికా తూర్పుతీరంలోని ఒక సంస్థ గిడ్డంగుల లెక్కల డేటాబేసుకు మరమ్మతు. అరగంటకు మించి మౌనంగా ఉన్న కనెక్షన్లను ఏరి తెంచే స్క్రిప్టు నా దగ్గర ఉండేది. నేను రాసిందే. దాన్ని నడిపాను. 140 పైచిలుకు కనెక్షన్లు తెగాయి. పని సకాలంలో ముగిసింది. భోజనానికి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు ఫిర్యాదు వచ్చింది. గిడ్డంగిలో ఏటా ఒకసారి సరుకు మొత్తం చేత్తో లెక్కపెట్టి రాసుకుంటారు. లావాదేవీలు సాగే పగటి వేళ ఆ పని కుదరదు. అందువల్ల శనివారం రాత్రి పెట్టుకున్నారు. అంటే వారు తమ మరమ్మతుకు ఎంచుకున్న వేళా, మేము మా మరమ్మతుకు ఎంచుకున్న వేళా ఒక్కటే, కారణమూ ఒక్కటే. రాత్రి 10 గంటల నుంచి ఒక ఉద్యోగిని అర అర లెక్కపెట్టి నమోదు చేస్తూ వచ్చింది. ప్రతి అరకూ "సేవ్" నొక్కింది. భద్రపరచామని తెర మీద ప్రతిసారీ కనిపించింది. చివరి అర పెద్దది. దాన్ని లెక్కపెట్టడానికి లేచి వెళ్ళింది. 34 నిమిషాలు పట్టింది. నా స్క్రిప్టు 30 నిమిషాల కంటె ఎక్కువ ఓర్చుకోదు. తిరిగి వచ్చేసరికి కనెక్షను లేదు. మళ్ళీ లోపలికి వెళ్ళి చూస్తే 4 గంటల లెక్క కూడా లేదు. ఆ సాఫ్ట్‌వేరును కట్టినవారు, "లెక్క ముగిసింది" అన్న ఆఖరి మీట నొక్కేదాకా లావాదేవీని ఖాయం చేయకుండా అట్టే పెట్టారు. "భద్రపరచాము" అన్నమాట అబద్ధం.

కారణమేమిటో నివేదిక రాయవలసినవాణ్ణి నేను. "వినియోగదారు లాగవుట్ కాకుండా సీటు విడిచి వెళ్ళినందువల్ల" అని రాశాను. అందరూ అట్లాగే రాస్తారు. ఆ నివేదిక ఆమెదాకా వెళ్ళింది. ఆమె సమాధానం నాలుగు ముక్కల్లో ఉంది. పని పూర్తికాకుండా లాగవుట్ ఎలా అవుతారు? మరమ్మతు ఉన్నదని నాకు ఎవరు చెప్పారు? నేను సీటు విడిచింది నిద్రపోవడానికి కాదు, లెక్కపెట్టడానికి. లెక్కపెట్టడమే నా పని.

నోటీసు పంపాము కదా అని వెతికాను. పంపాము. మేనేజర్ల జాబితాకు పంపాము. రాత్రి షిఫ్టువారి పేర్లు ఆ జాబితాలో లేవు. శనివారం రాత్రి మేలుకుని ఉండేవారికి తప్ప అందరికీ తెలిసింది.

ఇక్కడ నా సహవృత్తులు చెప్పబోయే సమాధానాలు నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ చెప్పినవే కాబట్టి ఒక్కొక్కటీ తీసుకుంటాను.

మొదటిది: "లావాదేవీ రద్దయింది గాని డేటాబేసు చెడలేదు కదా. అర్ధంతరంగా తెగితే వెనక్కి తీసుకోవడమే దాని ధర్మం." నిజమే. సగం రాసిన లెక్కను అది మిగల్చలేదు. డేటాబేసుకు నష్టం లేదు. మనిషికి ఉంది. లావాదేవీ తాలూకు హామీలన్నీ పట్టికలకు ఇచ్చినవి. అరల మధ్య 4 గంటలు నిలబడిన కాళ్ళకు ఎవరూ ఏ హామీ ఇవ్వలేదు. మన హామీని మనమే మెచ్చుకుని, మిగిలినది మన లెక్కలోకి రాదనడం వృత్తిధర్మం అనిపించుకోదు.

రెండోది: "మౌనంగా ఉన్న కనెక్షన్లు సర్వరుకు భారం. అందుచేత ఏరివేత ఎప్పుడూ మంచిదే." భారం బొత్తిగా లేదనను. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనూ ఒక విడి ప్రాసెసు. మామూలు అమరికలో 100 కనెక్షన్లకే చోటు. కానీ ఎంత భారమో ఆ డేటాబేసును కట్టినవారే చెప్పారు. తెరిచిన లావాదేవీతో మౌనంగా ఉన్న కనెక్షన్లకు గడువు పెట్టే అమరికను వారు 9.6 సంచికలో, 2016లో తెచ్చారు. లావాదేవీ లేకుండా మౌనంగా ఉన్నవాటికి గడువు పెట్టే అమరిక 14వ సంచికలో, 2021లో గాని రాలేదు. వచ్చినప్పుడు కూడా, ఇటువంటి కనెక్షను వల్ల సర్వరుకు పెద్ద ఖర్చు లేదనీ, కనెక్షన్ పూల్ వంటి మధ్యవర్తుల ద్వారా వచ్చేవాటి మీద దీన్ని ప్రయోగించేటప్పుడు జాగ్రత్త అనీ తమ పత్రాల్లో రాసి మరీ ఇచ్చారు. ఏది ముందు వచ్చిందో చూస్తే ఏది అసలు జబ్బో తెలుస్తుంది.

పూల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ రోజుల్లో మౌనంగా కనిపించే కనెక్షన్లలో అధికభాగం మనుషులవి కావు. అప్లికేషన్ సర్వర్లు ముందుగానే తెరిచి, అవసరానికి అందుకోవడానికి సిద్ధంగా పెట్టుకున్నవి. వాటిని తెంచితే ఏమవుతుంది? తెంచిన క్షణాల్లోనే పూల్ మళ్ళీ తెరుస్తుంది. రావణుడి తలలు నరికినట్టే. తలుపు మూయకుండా ఇల్లు ఖాళీ చేయించబోవడం ఇది. నిజంగా ఎవరూ ఉండకూడదనుకుంటే ముందు తలుపు మూయాలి. ఒరాకిల్‌లో సెషన్లను పరిమితం చేసే ఆజ్ఞ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఫలానా డేటాబేసుకు కొత్త కనెక్షన్లు వద్దని చెప్పవచ్చు. ఆ పని చేయకుండా ప్రతి 5 నిమిషాలకూ తెంచుతూ కూర్చున్నవాళ్ళను నేను చూశాను. వాళ్ళు దాన్నే శ్రద్ధ అనుకుంటారు.

మూడోది: "ఇల్లంతా ఖాళీ చేయవలసిన పనులు కూడా ఉంటాయి కదా." ఉంటాయి. సర్వరును ఆపడం, పెద్ద సంచికకు మారడం, డేటాబేసు పేరు మార్చడం. ఇటువంటి వేళ అరుగు మీది పెద్దమనిషి కూడా లేవవలసిందే. పోస్ట్‌గ్రెస్‌ను ఆపమంటే 9.4 సంచిక వరకూ అందరూ తమంతట తాము వెళ్ళేదాకా వేచి ఉండేది. ఆ మర్యాద వల్ల పని ఎప్పటికీ మొదలయ్యేది కాదు. అందుకే 9.5 నుంచి, చెప్పకపోతే వెంటనే తెంచే పద్ధతినే మామూలు చేశారు. నేను దాన్ని తప్పుపట్టను. కాకపోతే ఈ పనులు ఏడాదికి ఎన్నిసార్లు వస్తాయి? ఇండెక్సు కొత్తగా కట్టడం, వ్యాక్యూమ్ చేయడం, బ్యాకప్ తీయడం వంటి వారం వారం పనులకు అరుగు మీదివాడిని లేపనక్కరలేదు. అరుదైన పనికి కావలసిన కత్తిని ప్రతి వారమూ దూయడం మన అలవాటయింది.

నాలుగోది, అన్నిటికంటె బలమైనది: "అసలు తప్పు ఆ సాఫ్ట్‌వేరు కట్టినవారిది." అవును, అసలు తప్పు వారిదే. మనిషి ఆలోచించుకునేంతసేపు, నడిచి వెళ్ళి వచ్చేంతసేపు లావాదేవీని తెరిచి పెట్టకూడదన్నది కొత్త సత్యం కాదు. లావాదేవీ అన్న భావన మంచిచెడ్డల మీద జిమ్ గ్రే 1981లో రాసిన వ్యాసంలోనే, దీర్ఘకాలం నడిచే లావాదేవీలకు ఈ పద్ధతి చాలదని ఒప్పుకున్నాడు. వాటిని చిన్న చిన్న లావాదేవీలుగా విడగొట్టే "సాగా" పద్ధతిని 1987లోనే ప్రతిపాదించారు. ప్రతి అరనూ విడిగా ఖాయం చేసి, "లెక్క ఇంకా ముగియలేదు" అని ఒక గుర్తు పెట్టుకుంటే ఆ రాత్రి ఏమీ పోయేది కాదు. నా కత్తి తెగినా ఆమె లెక్క తెగేది కాదు. కానీ వారి తప్పు నా తప్పును కడగదు. విస్తరి ఉన్నదో లేదో చూడడానికి నాకు ఒక్క ప్రశ్న చాలు. నేను ఆ ప్రశ్న వేయలేదు.

ఏం చేయాలో కూడా చెప్పకుండా తిట్టి ఊరుకుంటే అది పోట్లాట అవుతుంది గాని వాదం కాదు.

మొదట, ఈ మరమ్మతుకు నిజంగా ఎవరు అడ్డమో తేల్చుకోవాలి. తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో డేటాబేసే చెబుతుంది. గడియారం చూసి కాదు, తాళం చూసి నిర్ణయించాలి. పిదప తలుపు మూయాలి. లోపలున్నవారిని తరమకుండా కొత్తవారిని ఆపాలి. ఒరాకిల్‌లో క్వైయస్ అనే ఏర్పాటు ఇందుకోసమే ఉంది. లావాదేవీలో ఉన్నవారిని ముగించుకోనిస్తుంది. మౌనంగా ఉన్నవారి కనెక్షను తెంచదు, వారు మళ్ళీ కదిలితే మరమ్మతు ముగిసేదాకా ఆపి ఉంచుతుంది, అంతే. పోస్ట్‌గ్రెస్‌కు ముందు నిలబెట్టే పీజీ బౌన్సరు అనే పూలర్‌లో "పాజ్" అన్న ఆజ్ఞ దాదాపు ఇటువంటిదే. అందరినీ తెంచక తప్పదన్న మా వాదానికి ఈ రెండూ నిలువెత్తు ఖండనలు.

ఆ తరవాత గడువు. ఎస్‌క్యూఎల్ సర్వరులో అందరినీ తక్షణం వెళ్ళగొట్టే ఆజ్ఞ పక్కనే, ఇన్ని సెకన్లు ఆగి వెళ్ళగొట్టమనే ఆజ్ఞ కూడా ఉంది. మొదటిదే అందరికీ కంఠస్థం. నిర్మాణం మార్చే పనికైతే, ఎదుటివాడిని తెంచే ముందు మన ఓపికకే హద్దు పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో తాళం కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే అమరిక 2013 నుంచీ ఉంది. తాళం దొరక్కపోతే మన పనే వెనక్కి తగ్గి కాసేపాగి మళ్ళీ వస్తుంది. వెనకాల వరుస పెరగదు.

అన్నిటికీ ముందు చేయవలసింది కబురు చెప్పడం. మేనేజరుకు కాదు, ఆ వేళ తెర ముందు ఎవరుంటారో వారికి. ప్రతి కనెక్షనుకూ యూజరు పేరు, యంత్రం పేరు, ప్రోగ్రాము పేరు ఉంటాయి. లావాదేవీ తెరిచిపెట్టి ఉన్న కనెక్షన్లు ఆ రోజు ఎన్ని ఉన్నాయో తరవాత లాగులో వెతికాను. 140 పైచిలుకులో మూడు. మూడు ఫోన్లు చేసి ఉంటే సరిపోయేది. ఇంకొక పావుగంట ఆగి ఉంటే ఆమె లెక్క ముగించి ఆఖరి మీట నొక్కేది.

ఇన్ని చేసినా కదలనివాడు ఉంటే తెంచండి. నేనే ముందు తెంచుతాను. కానీ తెంచినవాడి పేరు నివేదికలో ఉండాలి. ఎప్పుడు, ఎందుకు, ఎవరి లావాదేవీ, చెప్పామా లేదా అన్నవి ఉండాలి. "వినియోగదారు అజాగ్రత్త" అన్న పడికట్టు మాటను మా వృత్తి నిఘంటువు నుంచి కొట్టివేయాలి. అజాగ్రత్త అన్నది మనం కళ్ళతో చూసిన విషయం కాదు. మనం చూసింది 34 నిమిషాల మౌనం. మిగిలినది మన ఊహ, మన సౌకర్యం కోసం అల్లుకున్నది.

ఆ నివేదికను తరవాత సరిదిద్దాను. మొదటి వాక్యం తీసేసి, "నోటీసు చేరని వ్యక్తి పనిమధ్యలో ఉండగా నేను కనెక్షను తెంచాను" అని రాశాను. అప్పటికి ఆమె వారాంతం పోగొట్టుకుని అరలన్నీ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. నా వాక్యం ఆ గంటలను తిరిగి ఇవ్వలేదు. మరుసటి వారం స్క్రిప్టులో ఒక్క షరతు చేర్చాను. తెరిచిన లావాదేవీ ఉంటే ముట్టుకోకు, నాకు చెప్పు. ఆ షరతుకు పట్టింది ఒకే ఒక్క పంక్తి. అంతకు ముందు అన్నేళ్ళు ఆ పంక్తి లేకుండానే ఆ స్క్రిప్టు నడిచింది.